స్టాంపు లేని జవాబు

నేపర్‌విల్,
సెప్టెంబరు 21, 2025.

అన్నయ్యకి నమస్కారాలతో లీల రాస్తున్నది.

ఇక్కడ అనూరాధ, అల్లుడు, సాన్వి ఆరోగ్యంగా ఉన్నారు. నా మోకాలు మాత్రం వాన పడేముందు రోజే కబురు చెప్పే ఉద్యోగం మానలేదు. అక్కడ నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ మాట ఎన్ని వందల ఉత్తరాల్లో రాశానో! ఇవాళ మాత్రం రాస్తుంటే చెయ్యి ఆగింది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

మ్యూజియంలో పెట్టమని నువ్వు పంపిన ఉత్తరం ఫ్రేము అవినాష్ భద్రంగా తెచ్చి ఇచ్చాడు. అనూరాధతో కలిసి పనిచేసే అతనే. అద్దం పగలలేదు. “ఆంటీ, సెక్యూరిటీలో ఓపెన్ చేయమన్నారు. హాలీవుడ్ యాక్టర్ లెటర్ అని చెప్తే అందరూ వంగి వంగి చూశారు” అని మురిసిపోతూ చెప్పాడు. నేను కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. అతని తల్లిగారు వచ్చే బుధవారం ఏలూరు తిరిగి వెళుతున్నారు. ఈ కవరు ఆవిడ చేతికే ఇస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు. గ్రేడన్ గారి టోపీ ఉంది, గాజు పెట్టెలో పెట్టారు. ఎడమవైపు అంచు నువ్వు చెప్పినట్టే నలిగి ఉంది. ఆయన పుట్టిన కార్టర్స్ ఫెర్రీ మా ఇంటికి కారులో రెండు గంటల దారి. నది ఒడ్డున ఒకే ఒక్క బజారు ఉన్న ఊరు. మ్యూజియం అంటే నువ్వేదో పెద్ద భవనం అనుకుంటున్నావు. అది వాళ్ళ నాన్న క్షౌరశాల. ముందు గదిలో ఆ కుర్చీలు రెండూ ఇంకా ఉన్నాయి, వెనక గదిలో ఆయన రాతబల్ల ఉంది. శతజయంతి అక్టోబరు పద్దెనిమిది, శనివారం. నిన్ను వీడియో కాల్‌లో పిలిచేది ఇక్కడ పొద్దున పదింటికి, అంటే నీకు రాత్రి ఎనిమిదిన్నర. చొక్కా తెల్లది కుట్టించనా నీలంది కుట్టించనా అని అడిగావు. దర్జీకి ఇవ్వడం రెండు రోజులు ఆపు.

చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి ఇంతసేపూ నసుగుతున్నాను. “కాస్త గుర్తు తెచ్చుకో లీలా, ఆ స్టాంపు మీద ఏ బొమ్మ ఉందో. అక్కడివాళ్ళు అడిగితే చెప్పాలి కదా” అని రాశావు. యాభై ఒక్క ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నావు. పక్కింటి పిల్ల స్టాంపులు పోగుచేస్తోందని కవరు మూల చింపి ఇచ్చేశానని ఆ రోజు చెప్పాను. నువ్వు నెత్తి కొట్టుకుని, తరవాత నవ్వేసి, “పోన్లే, ఉత్తరం చింపలేదు” అన్నావు.

నిన్న శనివారం సాన్వీ నేనూ అక్కడికి వెళ్ళాం. దానికి లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది, అమ్మమ్మని ఎక్కడికైనా తిప్పుతానని సరదా పడుతోంది. దారిలో పెట్రోలు పోయించుకోవడానికి ఆగినప్పుడు ఫ్రేము మీద గుడ్డ తీసి చదివింది.

“అమ్మమ్మా, ఇది చాలా ఫన్నీగా ఉంది. ‘ఐ యామ్ వెల్ హియర్ అండ్ హోప్ యూ ఆర్ ఆల్ ది సేమ్ దేర్’ అంట! రాజా తాతయ్య లెటర్ లాగా ఉంది కదా? ఇక్కడ పీపుల్ ఇలా రాయరు.” ఇంకా కిందికి చదివి పకపకా నవ్వింది. “లాస్ట్‌లో చూడు, ‘రిగార్డ్స్ టు ఎల్డర్స్ అండ్ బ్లెస్సింగ్స్ టు యంగ్‌స్టర్స్.’ కౌబాయ్ ఇలా అంటాడా?”

“ఆ రోజుల్లో అందరూ అలాగే రాసేవాళ్ళు” అన్నాను.

“ఓకే” అని బండి తీసింది. పిల్ల నమ్మలేదని ఆ ఓకేలోనే తెలిసింది. అర్ధశతాబ్దం పైగా మన ఏలూరులో ఇంతమంది చదివారు అన్నయ్యా, ఒక్కరికీ అనుమానం రాలేదు. ఉత్తరం అంటే మనకి క్షేమంతో మొదలై పెద్దలకి నమస్కారాలతో ముగిసేదే. ఎమెట్ గ్రేడన్ అయినా అలాగే రాస్తాడనుకున్నాం. రాసినవాళ్ళూ అలాగే అనుకున్నారు.

మ్యూజియం చూసుకునేది మార్జరీ అనే ఆవిడ. ఎనభై ఒక్కేళ్ళు, మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. భార్యకి జబ్బు చేసిందని ఆయన నలభై ఆరేళ్ళకే సినిమాలు వదిలేసి సొంతూరు వచ్చేశాడని మనకి తెలుసు కదా. అప్పటినుంచి పోయేదాకా ఆయన ఉత్తరాలన్నీ టైపు చేసింది ఈవిడే. పొద్దున ఎనిమిదికి కూర్చుని ఆయన చెబుతుంటే ఈవిడ కొట్టేదిట. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు వెళ్ళాలని ఆయన పట్టు. ప్రతి జవాబుకీ ఒక కార్బన్ కాపీ తీసి, ఊళ్ళ పేర్లతో ఫైళ్ళు కట్టేది. ఆ సంగతి నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. తెలిసి ఉంటే మోకాలి నొప్పి అని ఇంట్లోనే పడుకుని ఉండేదాన్ని. అంతటిదాన్నే నేను.

ఫ్రేము బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు మార్చుకుని నిదానంగా చదివింది, సంతకం దగ్గర వేలు ఆనించి ఆగింది. ఆవిడ ఇంగ్లీషులో అన్నది తెలుగులో చెబుతున్నాను: “మీ అన్నగారి పేరు మాకు తెలుసు. కొంచెం కూర్చోండి.”

లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. అందులో మొదట నీ ఫొటో ఉంది. టాకీసు ముందు ఇరవై అడుగుల బ్యానరు, దాని కింద కుంచె పట్టుకుని ఒక కాలికే చెప్పు వేసుకుని నిలబడ్డ నువ్వు. వెనక నీ చేతిరాత: ఎ. రాజారావు, బ్యానర్ ఆర్టిస్ట్, ఏలూరు. ఆ ఫొటో ఆయన పోయేదాకా రాతబల్ల మీద ఉండేదిట. దాని కింద రెండు కార్బన్ కాపీలు, ఒకటి 1974 నవంబరుది, రెండోది తరవాతి మే నెలది.

“రెండుసార్లు రాశారాయన. జవాబు రాలేదు” అంది మార్జరీ.

నేను చదివాను. చదివి, “పోస్టులో పోయి ఉంటాయి, ఆ రోజుల్లో మా దగ్గర పోస్టు అలాగే ఉండేది” అన్నాను. అరవై ఆరేళ్ళదాన్ని, మనవరాలు పక్కన నిలబడి ఉండగా, పాపం ఏ తప్పూ ఎరుగని మన పోస్టుమాన్ మీదికి నెట్టేశాను. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, “రాజారావుగారికి ఫారినుదమ్మా!” అని వీధి మొగలోంచే కేక పెట్టేవాడు.

ఫైలు ముయ్యబోతూ ఆవిడ గోడకేసి చూపించింది. రాతబల్ల పైన గోడంతా ఫొటోలే. మధ్యలో మాత్రం జానెడు మేర ఖాళీ, అందులో ఒక మేకు. “అది ఆయనే కొట్టారు. ఇండియా నుంచి చిన్న బొమ్మ ఒకటి వస్తుందన్నారు. ఆ వసంతకాలంలో నన్ను రెండుసార్లు అడిగారు, ఏమైనా వచ్చిందా అని. మేకు తీయబుద్ధి కాలేదు మాకు.”

ఆవిడకి థాంక్స్ చెప్పి కారెక్కాను. ఫ్రేము అక్కడే వదిలేశాను, వాళ్ళదే అన్నట్టు. నది మీద వంతెన సగం దాటాక సాన్వి మెల్లిగా అడిగింది.

“అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు టైప్‌రైటింగ్ ఎగ్జామ్ పాస్ అయ్యావు కదా?”

నేను కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. వంతెన దాటాక, “వెనక్కి తిప్పమ్మా” అన్నాను.

అన్నయ్యా, ఇప్పుడు చెప్పేది నీకు సగం తెలుసు. అయినా మొదటినుంచీ వరసగా చెప్పకపోతే మధ్యలో ఎక్కడో తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఆ ఏడాది ఆదివారం మార్నింగ్ షోలకి గ్రేడన్ గారి పాత సినిమాలు వరసగా వచ్చాయి. ఆయన తుపాకీ తీసేముందు టోపీ సర్దుకుంటే హాలంతా ఈలలు. ఊళ్ళో ఆయన్ని టోపీ దొర అనేవాళ్ళు. నీకు ఇరవై ఏళ్ళు. నాన్న తన ఆఫీసులో గుమాస్తా పని చూసిపెడితే, నువ్వు టాకీసు వెనక షెడ్డులో గుడ్డ మీద గళ్ళు గీసుకుని ఆయన ముక్కు కొలతలు వేస్తూ కూర్చున్నావు. నాన్న నీతో మాట్లాడటం మానేశాడు. అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఆ ఇంట్లో నెలల తరబడి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అప్పుడు నువ్వు బ్యానరు ఫొటో జతచేసి ఆయనకి రాశావు. నా చేతే ఇంగ్లీషు దిద్దించావు. “నాన్న మాట వినాలా, కుంచె పట్టుకోవాలా? మీరు ఏది చెబితే అది చేస్తాను” అని చివర రాశావు. ఆ వాక్యంలో తప్పులు దిద్దింది నేనే.

మార్చిలో వేశావు, ఆగస్టు వచ్చినా జవాబు లేదు. రోజూ పదకొండింటికి గుమ్మంలో నిలబడేవాడివి. ఇన్‌స్టిట్యూట్‌లో నేను లోయర్ టైపింగ్ నేర్చుకుంటున్నాను. ఒకరోజు మాస్టారు భోజనానికి వెళ్ళినప్పుడు మంచి కాగితం పెట్టి కొట్టేశాను. సంతకం టాకీసువాళ్ళ దగ్గరున్న పబ్లిసిటీ ఫొటో చూసి దిద్దుకున్నాను. ఎయిర్‌మెయిలు కవరు కొన్నాను. స్టాంపు ఎలా అన్నది చివరిదాకా తట్టలేదు, అందుకని మూల చింపేశాను.

నువ్వు ఫ్రేము కట్టించుకున్న ఉత్తరం నేను రాసింది అన్నయ్యా. నేను ఇక్కడ క్షేమం, మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తాను, నీ బొమ్మ బాగుంది, అయినా తల్లిదండ్రులే దైవాలు కాబట్టి నీ తండ్రి మాట విని ఉద్యోగంలో చేరు, పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు. అంతా నాదే. పదిహేనేళ్ళ పిల్లకి తెలిసిన మంచీ మర్యాదా అంతా అందులో కూరాను.

నువ్వు అది చదివి, మడిచి జేబులో పెట్టుకున్నావు. తరవాత షెడ్డుకి వెళ్ళి రంగులు, కుంచెలు అన్నీ పంచేసి వచ్చావు. సోమవారం నాన్న వెనకాల సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళావు. మొదటి జీతంతో నాకు పరికిణీ గుడ్డ తెచ్చి, “నీ చేతికి వచ్చింది ఆ ఉత్తరం. నీ హస్తవాసి మంచిదే లీలా” అన్నావు. పిల్లల హాల్‌టికెట్లు, ఇంటి తాళాలు, అన్నీ నా చేత్తోనే ఇప్పించుకున్నావు. ప్రతిసారీ తల వంచుకునే ఇచ్చేదాన్ని.

ఇంతవరకే అయితే చిన్నపిల్ల చేసిన పని అనుకుని నన్ను నేను ఎప్పుడో వదిలేసేదాన్ని. కానీ ఆయన నిజంగా రాశాడు. నువ్వు స్టూడియో అడ్రసుకి పంపావు, అది అక్కడే నెలల తరబడి పడి ఉండి ఆయన ఊరికి ఆలస్యంగా చేరిందిట. జవాబు డిసెంబరులో వచ్చింది. నువ్వు ఆఫీసులో ఉన్నావు. స్టాంపుతో సహా వచ్చింది. విప్పాను. “మీ నాన్నగారి విషయంలో” అన్న చోటుదాకా చదివి, మడిచి, నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. రెండోది వేసవిలో వచ్చింది. దాన్ని విప్పను కూడా లేదు.

నాన్న నీతో మాట్లాడుతున్నాడని, అమ్మ కడుపునిండా తింటోందని, ఇల్లు మళ్ళీ కూలిపోతుందని నాకు నేను చాలా చెప్పుకున్నాను. అన్నీ సాకులే. దొరికిపోతానని భయపడ్డాను. నీ దగ్గర మంచి చెయ్యి ఉన్న చెల్లెలిగా ఉండటం నాకు బాగుంది. అందుకు కాల్చాను.

నిన్న ఆ గదిలో, నేను సగంలో ఆపేసిన వాక్యం యాభై ఏళ్ళ తరవాత పూర్తిగా చదివాను. “మీ నాన్నగారి విషయంలో నేనేమీ చెప్పలేను. మా నాన్నకి నేను కత్తెర పట్టుకోవాలని ఉండేది. నేను పంతొమ్మిదేళ్ళ దాకా ఈ బజారులో దుకాణాల అద్దాల మీద పేర్లు రాశాను, ఆపైన నాటకాలవాళ్ళ తెరలకి రంగులు వేశాను. ఆయన ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు. ఎవరిది తప్పో నాకు ఇప్పటికీ తెలియదు. కాబట్టి నన్ను అడగొద్దు. కానీ చెయ్యి సంగతి నాకు తెలుసు. నోరు సరిగ్గా కుదరలేదు, నేను అంత అందంగా నవ్వను. టోపీ మాత్రం నా టోపీ కంటే బాగుంది. నాకు ఒకటి చిన్నది వేసి పంపగలవా? చెవులు ఉన్నవి ఉన్నట్టే వెయ్యి. ఇక్కడ గోడ మీద చోటు ఉంచుతాను.” రెండోదాంట్లో నాలుగే ముక్కలు. మొదటి ఉత్తరం చేరిందో లేదో తెలియదు, చోటు ఇంకా ఖాళీగానే ఉంది, తొందరేమీ లేదు అని.

నాన్న మాట వినమని ఆయన అనలేదు అన్నయ్యా. ఆ మాట నేను ఆయన నోట్లో పెట్టాను. “గ్రేడన్ దొర మాట విని బాగుపడ్డాను” అని నీ పిల్లలకీ నా పిల్లలకీ ఎన్నిసార్లు చెప్పావు! ప్రతిసారీ వింటూ కూర్చున్నాను. టాకీసు ముందునుంచి వెళ్ళేటప్పుడు నువ్వు తల అటు తిప్పుకోవడమూ చూశాను. రిటైరయ్యాక ఫోను మాట్లాడుతూ పేపరు అంచుల మీద గళ్ళు గీస్తూ ఉంటావని వదిన నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. సిగ్గులేకుండా నవ్వాను.

వంతెన దగ్గర్నుంచి వెనక్కి వెళ్ళి మార్జరీకి ఇదంతా చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. “నేను టైపు చేసింది కాదని చూడగానే తెలిసింది. ఆయన ఎవరినీ ఆశీర్వదించేవాడు కాదు” అంది. “అప్పటికి మీ వయసెంత?” అని అడిగింది. పదిహేను అన్నాను. “కార్బన్ కాపీ చదివేటప్పటికి?” అంది. గంట క్రితమే కదా అక్కడే నిలబడి పోస్టుమాన్ మీద చెప్పింది.

ఫ్రేము వెనక్కి తెచ్చుకున్నాను. వాళ్ళు దాన్ని పెట్టరు. నువ్వు ఒప్పుకుంటే ఆయన రాసిన రెండూ, నీ బ్యానరు ఫొటో మాత్రం పెడతారు. ఆ రోజు కాల్‌లోకి వస్తావో రావో, వస్తే ఏం చెబుతావో నీ ఇష్టం. చెల్లెలే రాసిందని అందరి ముందూ చెప్పినా నేను ఆ గదిలోనే కూర్చుని వింటాను. పేపరువాళ్ళకి, మీ వీధివాళ్ళకి నువ్వు ముందే చెప్పుకున్నావని తెలుసు. నీకు ఆ తలవంపులు తెచ్చింది కూడా నేనే.

ఫోను చేద్దామని నిన్న రాత్రంతా చేతిలో పట్టుకుని తిరిగాను. సాన్వి చూసి అంది: “నువ్వు లెటర్‌తోనే కదా చేశావ్ అమ్మమ్మా. లెటర్‌లోనే చెప్పు.” ఆ తరవాత నాతో పెద్దగా మాట్లాడటం లేదు. పొద్దున కాఫీ మాత్రం తనే కలిపి ఇచ్చింది.

క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అడిగితే అది కూడా నా సుఖం కోసమే అవుతుంది. మేకు ఇంకా గోడకి ఉందని మాత్రం చెబుతున్నాను. నీ చెయ్యి ఇప్పుడు వణుకుతుందో లేదో, కుంచె పట్టబుద్ధవుతుందో లేదో నాకు తెలియదు. ఏం చెయ్యమనీ చెప్పను. నీకు ఒకసారి చెప్పాను, చాలు.

మార్జరీ ఇచ్చిన ఆ రెండు కాగితాల నకళ్ళు దీంతో పంపుతున్నాను. కవరులో పెట్టేటప్పుడు చూసుకుంటే, మళ్ళీ నా ఉత్తరమే పైన పెట్టేశాను. బయటికి తీసి, ఆయనవి రెండూ పైన పెట్టి, నాది అడుగున పెట్టి అంటిస్తున్నాను. అంటే నువ్వు ఇక్కడిదాకా వచ్చేసరికి, నేను ఇన్ని పేజీలు దాచి దాచి చెప్పిందంతా నీకు ముందే తెలిసి ఉంటుంది. ఆయన జవాబు నీకు ఆయన నోటనే ముందు అందింది కదా అన్నయ్యా. ఈసారి మధ్యలో నేను ఆపలేదు.

ఇట్లు,
నువ్వు ఇంకా అలా పిలుస్తానంటే,
నీ చెల్లెలు
లీల